సాలీడుకి ఎన్ని రోజులకొకసారి తిండి పెట్టాలి?



పోయిన నెల మన గ్రూపులో నీలం రంగు సాలీడు రీల్ ఒకటి తిరిగింది, చూసే ఉంటారు. దాని కింద నేను "ఇది మన నల్లమలదే" అని ఒక్క ముక్క రాసినాను. అంతే, మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. కొందరు విషమా అని అడిగినారు. ఎక్కువమంది దాన్ని పెంచుకోవచ్చా, పెంచితే ఎన్ని రోజులకొకసారి ఎంత తిండి పెట్టాలి అని అడిగినారు. ముగ్గురు మాత్రం ధర అడిగినారు. ఒక్కొక్కరికి విడివిడిగా రాయలేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా. ముందు తిండి సంగతి, తర్వాత ధర సంగతి. పోస్టు పెద్దది, కానీ మధ్యలో వదిలిపెట్టి పోకండి. ఆ రెండు ప్రశ్నలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

నన్ను తెలియనోళ్ళకు రెండు మాటలు. మాది ఆత్మకూరు వైపు అడవి అంచున ఒక చెంచు గూడెం. నాయన ఫారెస్టు బేస్ క్యాంపులో వాచర్. అమ్మ, అవ్వ తేనె, చింతపండు, కుంకుడుకాయ తెచ్చి జీసీసీకి వేస్తారు. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే. ఇప్పుడు హాస్టల్‌లో ఉండి బీఎస్సీ జువాలజీ చదువుతున్నా. ఆర్థ్రోపొడా పాఠంలో సాలీడు గురించి నాలుగు జతల కాళ్ళు, పుస్తకాకార ఊపిరితిత్తులు అని బట్టీ కొట్టి రాసి మార్కులు తెచ్చుకున్నా. అది ఏం తింటుంది, ఎప్పుడు తింటుంది అని ఆ పాఠంలో రెండే లైన్లు ఉన్నాయి. మిగతాది నేను హైదరాబాదులో నేర్చుకున్నా.

పోయిన ఎండాకాలం సెలవుల్లో అక్కడ ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పనికి పోయినాను. మా సీనియర్ అన్న రూంలో ఉన్నాను. అదే రూంలో ఇంకో అన్న ఉండేవాడు, టౌన్ పిల్లోడు, కోచింగ్ తీసుకుంటున్నాడు. ఆయన మంచం పక్కన ఒక గాజు పెట్టె. అందులో కొబ్బరి పొట్టు, ఒక కుండ పెంకు, ఆ పెంకు కింద అరచేయంత సాలీడు. మెక్సికో జాతి అంట, మోకాళ్ళ దగ్గర నారింజ రంగు పట్టీలు. ఇట్లాంటి పెద్ద వెంట్రుకల సాలీళ్ళనే టరాంటులాలు అంటారు. ఈ అన్న దానికి రోజూ రెండు కీచురాళ్ళు వేసేవాడు. డబ్బాలో కీచురాళ్ళని కూడా పెంచేవాడు. రాత్రంతా అవి అరుస్తుంటే నాకు గూడెంలో పడుకున్నట్టే ఉండేది.

నా ఊరు ఏదో తెలిసినాక ఆయన అడిగినాడు: "నువ్వు చెంచు కదా, అడవిలో పుట్టినోడివి. దీనికి రోజుకి ఎంత పెట్టాలో నీకు తెలిసే ఉంటుంది." అడవిలో పుడితే మెక్సికో సాలీడు భోజనం టైం కూడా తెలుస్తుందని ఆయన నమ్మకం. నవ్వొచ్చింది, రొంత కోపం కూడా వచ్చింది. అయినా ఆ రాత్రి అవ్వకి ఫోన్ చేసినాను.

"దానికి రోజూ ఎవరు పెడతాండారు?" అంది.

"రూంలో ఒక అన్న, అవ్వా. పెంచుకుంటున్నాడు."

"సాలీడునా?" అని రొంతసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అది తొర్ర మొగదాలకి వచ్చి కూచుంటే ఆకలైనట్టు. లోపలే ఉంటే ఆకలి లేనట్టు. దాని పొట్ట చూడు రా, నన్నెందుకు అడుగుతావు" అని పెట్టేసింది.

తర్వాత మా కాలేజీ మేడంకి ఫోన్ చేసి అడిగినా, దొరికినవన్నీ చదివినా. తిప్పి తిప్పి అందరూ చెప్పేది అవ్వ చెప్పిందే, కాకపోతే లెక్కలతో చెప్తారు. ఆ లెక్కలు ఇవి.

పిల్ల సాలీడు, అంటే వేలి గోరంత ఉన్నప్పుడు, తొందరగా పెరుగుతుంది కాబట్టి వారానికి రెండు సార్లు చిన్న పురుగు చాలు. రొంత పెద్దదైతే వారానికి ఒకసారి. పూర్తిగా పెరిగిన ఆడదానికి పది రోజులకో పదిహేను రోజులకో ఒకసారి, ఒకటి రెండు పెద్ద కీచురాళ్ళు. నెల రోజులు పెట్టకపోయినా దానికేం కాదు. నేల మీద బతికే జాతులు కొన్ని నెలల తరబడి ఏమీ తినకుండా ఉంటాయి. మగది పెద్దదైనాక తిండి మీద ధ్యాస తగ్గి ఆడదాన్ని వెతుక్కుంటూ తిరుగుతుంది, ఎక్కువ కాలం బతకదు.

ఎంత పెద్ద పురుగు వేయాలి? సాలీడు పొట్ట కంటే పెద్దది వేయకూడదు. చిన్న పిల్లలకైతే చచ్చిన కీచురాయి కాలు ఒకటి వేసినా తింటాయి. ఎలుక పిల్లల్ని వేసి వీడియోలు తీసేవాళ్ళు ఉన్నారు, అది దాని ఆకలి కోసం కాదు, లైకుల కోసం. ఇంటి చుట్టుపక్కల పట్టిన బొద్దింకలు, పొలంలో పట్టిన మిడతలు కూడా వేయకూడదు. మనం పురుగుల మందు ఎంత కొడతామో మనకు తెలుసు. ఆ మందు పురుగులో ఉంటే సాలీడులోకి పోతుంది.

ఇక పొట్ట. సాలీడు ఒళ్ళు రెండు ముక్కలు. కాళ్ళు ఉండేది ముందు ముక్క, వెనకది పొట్ట. పొట్ట ముందు ముక్క కంటే రొంత పెద్దగా ఉంటే సరిపోయినట్టు. దానికంటే చిన్నగా, ముడతలు పడి ఉంటే ఆకలితోనో దాహంతోనో ఉన్నట్టు. రెండింతలై నేలకి ఈడ్చుకుంటుంటే ఎక్కువ పెట్టినట్టు. పొట్ట మీద చర్మం పల్చగా ఉంటుంది. బలిసిన సాలీడు గాజు గోడ ఎక్కి జానెడు ఎత్తు నుంచి పడినా పొట్ట పగిలి చచ్చిపోవచ్చు. ఆకలితో చచ్చే పెంపుడు సాలీళ్ళ కంటే ఎక్కువ తిండికి, నీళ్ళ కరువుకి ఇబ్బంది పడేవే ఎక్కువని పెంచేవాళ్ళే చెప్పుకుంటారు.

నీళ్ళ మాట ఎందుకంటే, సాలీడు కాళ్ళు ముడుచుకోవడానికి కండరాలు ఉంటాయి గానీ, చాచడానికి లోపలి ద్రవం ఒత్తిడి కావాలి. ట్రాక్టరు ట్రాలీ నూనె ఒత్తిడితో లేస్తుంది చూడండి, అట్లా. నీళ్ళు తగ్గితే ఒత్తిడి తగ్గి కాళ్ళన్నీ కిందికి ముడుచుకుపోతాయి. కాబట్టి తిండి గిన్నె ఖాళీగా ఉండొచ్చు గానీ నీళ్ళ మూత ఎప్పుడూ నిండి ఉండాలి.

నేను పోయేసరికి ఆ అన్న సాలీడు పొట్ట రేగుపండు నుంచి నిమ్మకాయకి వచ్చింది. తగ్గించమని చెప్పినా. తగ్గించక ముందే అదే మానేసింది. కీచురాయి దాని కాళ్ళ మధ్య నుంచి పోతున్నా కదల్లేదు. వారం, రెండు వారాలు, నాలుగు వారాలు. ఆ అన్నకి దిగులు పట్టుకుంది. చిమటాతో పురుగుని పట్టుకుని దాని మూతి దగ్గర పెట్టేవాడు. పెట్టెలో ఎప్పుడూ మూడు నాలుగు కీచురాళ్ళు తిరుగుతుండేవి, "ఆకలేసినప్పుడు తింటుందిలే" అని. అది మంచిది కాదు. సాలీడు కుబుసం విడిచేటప్పుడు ఒళ్ళు మెత్తగా ఉంటుంది, అప్పుడు కీచురాయే దాన్ని కొరికి తింటుంది. వేసిన పురుగు ఒక్క రోజులో తినకపోతే తీసేయాలి. పొట్ట మీద వెంట్రుకలు ఊడిన చోట చర్మం నల్లబడుతున్నట్టు నేను చూసి, ఇది కుబుసానికి సిద్ధమవుతోంది అన్నా, కలిసి కీచురాళ్ళన్నీ ఏరేసినాం.

ఆరో వారంలో ఒకరోజు నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఆ అన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "చచ్చిపోయింది రా" అన్నాడు. పెట్టెలో సాలీడు వెల్లకిలా పడి ఉంది. పారేయడానికి ప్లాస్టిక్ కవరు కూడా తెచ్చి పెట్టుకున్నాడు. వద్దన్నా, చేయి పెట్టొద్దన్నా, ఫ్యాను గాలి కూడా తగలకుండా పెట్టెని గోడ వైపు తిప్పినాం. సాలీడు చచ్చేటప్పుడు సాధారణంగా కాళ్ళు కిందికి ముడుచుకుని కూలబడుతుంది. వెల్లకిలా పడుకుందంటే చాలాసార్లు కుబుసం విడుస్తున్నట్టు. రాత్రి పదకొండు దాటినాక పాత చర్మంలోంచి ఒక్కొక్క కాలు బయటికి లాగడం మొదలుపెట్టింది, మనం తడిసిన జీన్స్ ప్యాంటు విప్పినట్టు. మేం ముగ్గురం లైటు తీసేసి సెల్ వెలుతురు దూరంగా పెట్టుకుని చూసినాం. కోరలు మాత్రం పాల మాదిరి తెల్లగా ఉన్నాయి. అవి ఎర్రబడి, తర్వాత నల్లబడి గట్టిపడే దాకా తిండి పెట్టకూడదు, పెద్దదానికైతే పదిరోజులు, రెండు వారాలు పట్టొచ్చు. ఆ అన్న ఈసారి క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకున్నాడు.

ఇంత తక్కువ తిండితో ఎట్లా బతుకుతుంది అని మీకు డౌట్ రావచ్చు. మన ఒంటిని వెచ్చగా పెట్టుకోవడానికే మనం తిన్న దాంట్లో చాలా భాగం ఖర్చవుతుంది. సాలీడుకి ఆ ఖర్చు లేదు. అదే బరువున్న చిట్టెలుక రోజూ తినకపోతే బతకదు. సాలీడు రాత్రంతా తొర్ర మొగదాల కదలకుండా కూర్చుంటుంది. పురుగు దగ్గరికొస్తే క్షణంలో పట్టి, దాని మీదికి జీర్ణరసాలు కక్కి, కరిగిన రసాన్ని పీల్చుకుంటుంది. మిగిలిన పిప్పిని ఉండ చేసి పారేస్తుంది. మళ్ళీ పోయి లోపల కూర్చుంటుంది. మన నల్లమలలో మాఘమాసం నుంచి ఆకు రాలిపోతుంది, ఎండాకాలంలో పురుగు దొరకడం కష్టం. తొలకరి పడినాక ఒక్కసారిగా ఎక్కడ చూసినా పురుగే. అప్పుడు తింటుంది, ఇప్పుడు ఓపిక పడుతుంది. దాని ఒళ్ళు అడవి కాలాన్ని బట్టి తయారైంది, గడియారాన్ని బట్టి కాదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. మన మనుషుల్ని పురుగులతో, జంతువులతో పోల్చడం నాకు ఇష్టం లేదు. ఆ పని వేరేవాళ్ళు ఇప్పటికే చాలా చేసినారు. నేను పోల్చేది పెంచేవాళ్ళని. ఆశ్రమ పాఠశాలలో చేరినప్పుడు నాకు ఆరేళ్ళు. గంట కొడితే తినాలి, గంట కొట్టకపోతే ఆకలైనా తినకూడదు. ఇంటి దగ్గర తునికి పండ్ల కాలంలో తునికి పండ్లు, గడ్డల కాలంలో గడ్డలు, తేనె దొరికిన రోజు తేనె. అక్కడ రోజూ ఒకే టైం, ఒకే గరిటె. మాకు తిండి పెట్టినోళ్ళు చెడ్డోళ్ళు కాదు, ఆ తిండితోనే నేను ఇక్కడి దాకా వచ్చినా. కానీ "చెంచోళ్ళకి రేపటికి దాచుకోవడం రాదు, వీళ్ళకి మనమే నేర్పాలి" అని ఒక పెద్దమనిషి మా ముందే అన్నాడు. మా అవ్వ ఎండిన ఇప్పపువ్వు బుట్ట అటక మీద ఏడాదికి సరిపడా దాస్తుందని ఆయన చూడలేదు. ఆయనకి చూడాలని తట్టలేదు, అంతే. అవ్వ మాత్రం నేను సెలవులకు ఇంటికి పోతే తిన్నావా అని అడగదు, ముఖం చూసి ఎంత వడ్డించాలో అంత వడ్డిస్తుంది. ఎవరికైనా తిండి పెట్టాలంటే ముందు వాళ్ళని చూడాలి. సాలీడు పెంచడంలో ఉన్న కిటుకంతా అదే. "ఎన్ని రోజులకొకసారి" అనేది పెట్టెవాళ్ళ ప్రశ్న. దాని పొట్ట, దాని కోరలు, అది తొర్ర బయట ఉందా లోపల ఉందా, ఇవి దాని జవాబు.

ఇప్పుడు మన నీలం సాలీడు దగ్గరికి వస్తా.

దాని శాస్త్రీయ నామం పొయెసిలోథీరియా మెటాలికా. ప్రపంచం దాన్ని గూటీ సఫైర్ అంటుంది. గూటీ అంటే అనంతపురం జిల్లా గుత్తి. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త గుత్తిలో రైల్వే కలప యార్డు దగ్గర దొరికిన ఒక్క సాలీడుని చూసి దీన్ని వర్ణించి పేరు పెట్టినాడు. ఆ తర్వాత వంద సంవత్సరాలు అడవిలో దాన్ని చూసినట్టు శాస్త్రవేత్తల రికార్డు లేదు. 2001లో మళ్ళీ దొరికింది. ఎక్కడ? గుత్తిలో కాదు, నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య మన నల్లమల అడవిలో. అంటే ఆ మొదటిది అడవి కలపతో పాటు రైలెక్కి గుత్తికి పోయి ఉంటుందని అనుకుంటున్నారు. గాజులపల్లి, చలమ, దిగువమెట్ట స్టేషన్ల మీదుగా గిద్దలూరు పోయినోళ్ళకి ఆ అడవి ఎట్లా ఉంటుందో తెలుసు. మన చెట్టు నరికి రైలెక్కిస్తే దాంతో పాటు మన సాలీడు కూడా పోయింది, పోయిన ఊరి పేరే దానికి పడింది.

అది నేల మీద ఉండదు. పాత పెద్ద చెట్ల తొర్రల్లో, బెరడు కింద గూడు అల్లుకుంటుంది. తొర్రలు తక్కువగా ఉన్న చోట తల్లి, పిల్లలు ఒకే తొర్రలో కలిసి ఉంటాయి. దాని నీలం రంగు పూత కాదు, వెంట్రుకల లోపలి సన్నటి నిర్మాణం మీద వెలుతురు పడి తిరిగొచ్చే రంగు. ఆడది పన్నెండేళ్ళ దాకా బతకగలదు. కరిస్తే మనిషి చచ్చినట్టు రికార్డు లేదు గానీ విపరీతమైన నొప్పి, కండరాలు పట్టేయడం రోజుల తరబడి ఉండొచ్చు. కాబట్టి విషమా అని అడిగినోళ్ళకు జవాబు: అవును, ఉంది, చేయి పెట్టొద్దు, కరిస్తే నాటు మందు కోసం చూడకుండా ఆసుపత్రికి పోండి.

2008లో ఐయూసీఎన్ దీన్ని అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతుల్లో పెట్టింది. తెలిసిన చోటు మొత్తం కలిపితే వంద చదరపు కిలోమీటర్ల లోపే. కారణాలు రెండు. ఒకటి, కలపకీ కట్టెలకీ పాత చెట్లు పోవడం. రెండోది, పెంచుకోవడానికి పట్టుకుపోవడం. దొరికిన కొత్తలో విదేశాల్లో ఒక్కోదానికి వందల డాలర్లు పలికింది. ఇప్పుడు అమెరికాలో, యూరప్‌లో అక్కడే పిల్లలు పుట్టించి అమ్ముకుంటున్నారు. అక్కడ ఎవరో తన గదిలో కూర్చుని "మా గూటీ సఫైర్ మూడు వారాలుగా తినడం లేదు, ఏం చేయాలి" అని దిగులుపడుతుంటాడు. ఆ సాలీడు పూర్వీకులు కూర్చున్న నల్లమద్ది చెట్టు మన అడవిలో ఉంది.

ఇప్పుడు ధర అడిగినోళ్ళకు.

పోయిన వానాకాలం మా గూడేనికి ఒకాయన బైకు మీద వచ్చినాడు. మా చిన్నాయన కొడుకు, నాకంటే మూడేళ్ళు చిన్న, వాడికి సెల్‌లో ఫోటో చూపించినాడు. నీలం సాలీడు, లేకపోతే అట్లాంటి చెట్టు సాలీడు ఏదైనా సరే, బతికుండాలి, కాలు విరగకూడదు, ఒక్కోదానికి రెండు వేలు అన్నాడంట. నంబరు ఇచ్చి పోయినాడు. దసరా సెలవులకు నేను పోయినప్పుడు వాడు నాకు చెప్పినాడు, గొప్పగానే చెప్పినాడు.

"వద్దు రా" అన్నా.

"ఎందుకు వద్దు? తేనెకి నాలుగు రోజులు కొండ దిగి ఎక్కితే ఎంత వస్తాదో నీకు తెల్దా? ఇది ఒక్క రాత్రి పని. నువ్వు సదువుకున్నావు కాబట్టి నీకు పురుగు మీద ప్రేమ. నాకు సెల్ ఈఎంఐ ఉండాది" అన్నాడు.

వాడి మాట తీసిపారేసేది కాదు. మా ఇంట్లో రెండు వేలు అంటే ఏంటో నాకు తెలుసు. అందుకే నీతులు చెప్పలేదు, లెక్క చెప్పినా. మీకూ అదే చెప్తున్నా.

మొదటి లెక్క చట్టం. 2006 అటవీ హక్కుల చట్టం మనకు తేనె, మైనం, చింతపండు లాంటి చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది. అదే చట్టం వేటాడే, అడవి జీవుల్ని పట్టే హక్కు మాత్రం ఇవ్వడం లేదని స్పష్టంగా రాసింది. 2019లో ఈ పొయెసిలోథీరియా సాలీళ్ళన్నిటినీ సైటిస్ జాబితాలోకి తెచ్చినారు, అంటే దేశాల మధ్య వీటి వ్యాపారం మీద అంతర్జాతీయ అదుపు ఉంది. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి సైటిస్ జీవుల కోసం వేరే షెడ్యూలు పెట్టినారు. వాటిని దగ్గర పెట్టుకుంటే రిజిస్టర్ చేయించాలి. హైదరాబాదు అన్నని ఈ మాట అడిగితే "అన్నీ చూసుకున్నాం లే" అని నవ్వేసినాడు. ఆయనకి నవ్వడం కుదురుతుంది. టైగర్ రిజర్వులో రాత్రిపూట డబ్బాలో సాలీడుతో దొరికిన చెంచు పిల్లోడికి కుదరదు. ఫోటో చూపించిన బైకాయన పేరు ఏ కాగితం మీదా ఉండదు. నాయన ఉద్యోగం మాత్రం ఫారెస్టులో ఉంది.

రెండో లెక్క తొర్ర. సాలీడు పిలిస్తే బయటికి రాదు. బెరడు ఊడబీకాలి, తొర్ర పగలగొట్టాలి. ఆ తొర్ర పడటానికి చెట్టుకి ఎన్నో ఏళ్ళు పట్టి ఉంటుంది. అందులో తల్లితో పాటు పిల్లలు ఉంటే మొత్తం పోతాయి. తేనె తీసేటప్పుడు మనం పట్టులో రొంత వదిలేసి వస్తాం, మళ్ళీ ఏడాది మళ్ళీ పోతాం. ఇందులో వదిలిపెట్టడానికి ఏం మిగలదు. వంద చదరపు కిలోమీటర్లలో ఉన్న జాతికి పది తొర్రలు పగిలితే అది చిన్న దెబ్బ కాదు.

మూడో లెక్క ప్రయాణం. పట్టినదాన్ని నీళ్ళ సీసాలోనో మాత్రల డబ్బాలోనో కుక్కి పంపుతారు. తిండి లేకపోయినా తట్టుకుంటుంది అని నేను పైన రాసింది వాళ్ళకీ తెలుసు, అందుకే ధైర్యంగా కుక్కుతారు. నీళ్ళు లేకపోతే తట్టుకోదు. కాళ్ళు ముడుచుకుని చచ్చిపోయినదానికి మా తమ్ముడికి రెండు వేలు రావు.

వాడు అంతా విని, ఆ నంబరు తుడిపేసినా అన్నాడు. తుడిపేసినాడో లేదో వాడి సెల్ తీసుకుని చూడలేదు. నమ్ముతున్నా. వాడు కూడా ఈ గ్రూపులో ఉన్నాడు, ఇది చదువుతాడు. తమ్ముడూ, నీ ఈఎంఐ గురించి నేనేం ఎగతాళి చేయలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని దాని సంగతి చూద్దాం.

నాకు ఒక ఆలోచన ఉంది. 1899లో దానికి పేరు పెట్టింది లండన్‌లో కూర్చున్నాయన, 2001లో వెతికి పట్టింది కూడా ఇంగ్లండు నుంచి వచ్చినాయనే. వాళ్ళ శ్రమని నేను తక్కువ చేయను. కానీ అది అడవిలో నిజంగా ఎన్ని రోజులకొకసారి తింటుంది, ఏ నెలలో ఏ పురుగు తింటుంది, ఎండాకాలం ఎన్ని రాత్రులు ఊరికే కూర్చుంటుంది అన్నది పెట్టెలో చూసి చెప్పేది కాదు. ఎవరైనా చెట్టు కింద రాత్రులు కూర్చుని రాసుకోవాలి. ఆ అడవిలో రాత్రి కూర్చోవడం మనకు కొత్త కాదు, రాసుకోవడమే కొత్త. నేను ఎమ్మెస్సీ చేయాలనుకుంటున్నా. అనుమతులు తీసుకుని, పట్టకుండా, ముట్టకుండా, ఆ లెక్క రాయాలనుకుంటున్నా. బేస్ క్యాంపుల్లో మా నాయన లాంటి వాళ్ళు పులి అడుగులు, చారలు గుర్తుపట్టి రాయించినట్టే తొర్రలు కూడా రాయించగలరు. ఆ పనికి జీతం ఇప్పించమని మనం అడగాలి, రెండు వేలకి సాలీడు అమ్మడం కంటే అది పెద్ద అడుగుడు.

ఇప్పుడు అందరికీ చిన్న మనవి.

టౌన్లలో ఇప్పటికే ఎవరైనా పెంచుతుంటే: తక్కువ పెట్టండి, పొట్ట చూడండి, నీళ్ళు మరవొద్దు, కుబుసం టైంలో వదిలేయండి, కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. అడవి నుంచి తెచ్చినది కొనొద్దు.

అడవిలో కనపడితే: దూరం నుంచి చూడండి. ఫోటో తీసుకోవాలంటే తీసుకోండి గానీ సెల్‌లో లొకేషన్ ఆపేయండి. ఏ చెట్టు, ఏ వాగు పక్కన అని ఎక్కడా పెట్టొద్దు, ఈ గ్రూపులో కూడా. ఎవరైనా పట్టి ఇమ్మని వస్తే మీ గూడెం పెద్దలకి, వాచర్లకి చెప్పండి.

జువాలజీ, ఫారెస్ట్రీ చదివే మన పిల్లలు ఎవరైనా ఉంటే, ముఖ్యంగా గిద్దలూరు, మార్కాపురం, నంద్యాల వైపు వాళ్ళు, నాకు మెసేజ్ పెట్టండి. నలుగురం కలిస్తే మేడం ఒక చిన్న ప్రాజెక్టు రాయడానికి సాయం చేస్తా అన్నారు.

మంగళవారం నుంచి ఇంటర్నల్స్ ఉన్నాయి, రిప్లై లేటైతే ఏమనుకోకండి. తిండి గురించి, కుబుసం గురించి ఏ డౌట్ ఉన్నా అడగండి, నాకు తెలిసింది చెప్తా, తెలియంది అవ్వని అడిగి చెప్తా. ధర మాత్రం అడగొద్దు.

జై ఆదివాసీ.